అడిగి తెచ్చిన కుబుసాలు

ప్రయోగశాలలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. సూక్ష్మదర్శిని గురించీ, రంగులద్దే పద్ధతుల గురించీ అడుగుతారు. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, నాకన్నా బాగా ఉన్నాయి. పుస్తకాల్లో లేని సంగతి ఒకటుంది. నమూనా మన బల్ల మీదికి రావాలంటే, ముందు ఎవరో ఒక మనిషి దాన్ని ఇవ్వడానికి ఒప్పుకోవాలి. నాకది మొదటి ఉద్యోగంలోనే, సూర్యాపేటలో తెలిసింది. నా పదోన్నతుల సంగతి ఇక్కడ రాయడం లేదు. అవి ఎవరికీ పనికిరావు.

పని ఇదీ

నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగిన మరుసటి ఎండాకాలం. నేను పట్నంలో సైన్సు చదివి, ప్రయోగశాల పనిలో శిక్షణ పూర్తిచేసి ఉన్నాను. ప్రతిదానికీ పట్టిక గీసే అలవాటు. మొదటి పోస్టింగు నల్లగొండ జిల్లాకు వేసి, పాముల నమోదు పని అప్పగించారు.

పాముకాటుకు విరుగుడు మందు అప్పట్లో చాలా తక్కువగా దొరికేది. దూరం నుంచి రావాలి, వచ్చింది అందరికీ చాలదు. నాగుపాముకు పనిచేసేది వేరు, రక్తపింజరకు పనిచేసేది వేరు. అందుకని మా శాఖవాళ్లు ఒక నియమం పెట్టారు. ఏ తాలూకా నుంచి ఏ పాము నమూనా చేరితే, ఆ తాలూకా దవాఖానకు ఆ పాము మందు పంపుతారు. తొలకరి పడిందంటే జనం చెలకల్లోకి దిగుతారు, కాట్లు మొదలవుతాయి. నా పట్టిక అంతకుముందే పూర్తి కావాలి. గడువు తేదీ ఎవరూ చెప్పలేదు. ఆకాశమే గడువు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. ఒక్కోచోట కొన్నాళ్లు దవాఖాన ముందు బల్ల వేసుకుని కూర్చోవాలి. చచ్చిన పాములు తెచ్చివ్వమని చుట్టుపక్కల ఊళ్లలో దండోరా వేయించాలి. తెచ్చినవాటిని గుర్తుపట్టి, రాసుకుని, ఫార్మలిన్ సీసాలో వేయాలి. జనమే తెచ్చి, జనమే చూసి, జనం ముందే రాసే పని. చదివిన రోజుల్లో ఇలాంటి పని దొరకాలని కలలు కన్నాను.

జనం రాలేదు.

సూర్యాపేటలో నాకు కిరాయికి గది దొరకలేదు. ఒకాయన ఇస్తానన్నాడు కానీ సీసాలు లోపలికి తేవద్దన్నాడు. సీసాలు వదిలి నేను ఉండలేను. చివరికి దవాఖాన వెనక వసారాలో మంచం వేసుకున్నాను. హోటల్లో నా గ్లాసు విడిగా, కిటికీలో బోర్లించి ఉండేది. బొగ్గు గ్యాసు బస్సెక్కితే నా పెట్టె వాసనకు పక్కనున్నవాళ్లు లేచి ముందుకు పోయేవాళ్లు. వారంలోపే నా పేరు పోయి ‘పాముల సారు’ మిగిలింది.

ఇంకో సంగతి కూడా ఉంది. కమ్యూనిస్టుల కోసం సైన్యం ఊళ్లు గాలిస్తున్న ఆ రోజుల్లో, కాగితం పట్టుకుని రాసేవాడంటే భయం. ఎవరి పేరు ఎందుకు రాస్తున్నాడో, ఆ కాగితం ఎవరి చేతికి పోతుందో అని. జనం నా బల్లకు దూరంగా నిలబడి చూసి, మాట్లాడకుండా వెళ్లిపోయేవాళ్లు.

మాట్లాడే మనిషి ఒక్కడే ఉండేవాడు, సూర్యాపేట దవాఖాన కాంపౌండరు యాదగిరి. పొద్దంతా మాట్లాడేవాడు. సాయంత్రం తాళం వేసి సైకిలెక్కి వెళ్లిపోతే, మళ్లీ పొద్దున దాకా నాతో ఒక్క మాట అనేవాళ్లు ఉండరు. నా గొంతు నేనే వినడం కోసం, యాదగిరి దారిలో ఏరి తెచ్చిన పాముల సీసాల మీది పేర్లు పైకి చదువుకునేవాణ్ణి. కట్లపాము, సూర్యాపేట. నీరుకట్టె, సూర్యాపేట. రెండు తలల పాము, సూర్యాపేట. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు.

మిర్యాలగూడ జెర్రిపోతులు

మిర్యాలగూడలో మాత్రం జనం వచ్చారు. మొదటి రోజే బల్ల నిండిపోయింది. నేను పొంగిపోయాను. తీరా చూస్తే అన్నీ జెర్రిపోతులే. విషం లేనివి, ఎలుకల్ని తిని బతికేవి. పైగా అన్నీ అప్పుడే చంపినవి. దండోరా వేసినవాడు తన తెలివికొద్దీ, ప్రతి వాడకట్టు నుంచీ ఒక పాము ఇవ్వాలని సర్కారు హుకుం అని చెప్పాడట. విషం ఉన్నదాని జోలికి ఎవరు పోతారు? సులువుగా దొరికినదాన్ని కొట్టి తెచ్చారు.

నాలుగో రోజు ధాన్యం వ్యాపారం చేసే సేటు ఒకాయన రొప్పుతూ వచ్చాడు.

“ఏందయ్యా పాముల సారూ, నీ దండోర పాడుగాను! మా గోదాంల జెర్రిపోతును ఎందుకు సంపిచ్చినవ్?”

“నేను చంపించలేదండీ. చచ్చినవి తెమ్మన్నాను.”

“సచ్చినయి తెమ్మంటే సంపి తెస్తరు. గది గూడ తెల్వదా? అది మా తాత కాలం నుంచి ఉన్నది. జీతం లేని జవాను. ఇగ వడ్ల బస్తాలకు నువ్వు కాపలా పండుకుంటవా?”

“ఇకమీదట జెర్రిపోతుల్ని తీసుకోనని చెప్పిస్తాను.”

“సెప్పియ్. ఎలుకలకు గూడ సెప్పియ్, జర ఆగమని.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఊళ్లో నేను నలుగురితో కలిసి నవ్వింది అదొక్కసారే. ఆ సాయంత్రం మళ్లీ దండోరా వేయించి జెర్రిపోతులు వద్దన్నాను. మర్నాటి నుంచి ఒక్కరూ రాలేదు.

కొత్తవాళ్లకు చెప్పేది ఇదే. మీరు ఏది అడుగుతారో అదే తయారవుతుంది. లోకంలో ఉన్నది వేరు, మీ బల్ల మీదికి వచ్చేది వేరు. రెండింటి మధ్య మీ ప్రశ్న నిలబడి ఉంటుంది.

మునగాల పాము

కోదాడ వాళ్ల మాట ఆంధ్రా వైపు మొగ్గుతుంది. సూర్యాపేట నుంచి కోదాడ పోయే దారిలో మునగాల ఉంది. చుట్టూ హైదరాబాదు రాజ్యం, మధ్యలో ఆ పరగణా ఒక్కటే మద్రాసు సర్కారుది. దారిలో నాకాలు, అంటే సరిహద్దు తనిఖీ గేట్లు, ఉండేవి.

కోదాడలో నా బల్ల దగ్గరికి ఒక బండివాడు మంచి రక్తపింజరను గోనెలో తెచ్చాడు. ఒంటి మీద గొలుసు మచ్చలు ఎంత స్పష్టంగా ఉన్నాయంటే పాఠం చెప్పడానికి వాడుకోవచ్చు. ఎక్కడ దొరికిందని అడిగితే మునగాల పొలిమేర అన్నాడు. నేను అదే రాశాను. మా పెద్ద డాక్టరుగారు ఆ రోజే నల్లగొండ నుంచి తనిఖీకి వచ్చి ఉన్నారు. నా భుజం మీదుగా చూసి, ఆ వరుస కొట్టేయమన్నారు.

“మునగాల మనది కాదు. అది మద్రాసు వాళ్ల పాము.”

బండివాడు ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. “మద్రాసు పామైతే ఏంటండీ? కోదాడోణ్ణి కరవకుండా ఆగిద్దా? నాకా దగ్గర దీన్ని ఎవరూ ఆపలేదండీ!”

“రూలు రూలే,” అన్నారు డాక్టరుగారు.

ఆయన గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. మొండి మనిషి. కళ్లతో చూడనిది నమ్మరు, కాగితం మీద లేనిది చూడరు. కానీ లంచం ముట్టరు, రోగి ముందు కుర్చీలో కూర్చోరు. ఆ తర్వాత చాలామంది మంచి అధికారుల కింద పనిచేశాను. తప్పు చేయడానికి నేను భయపడింది మాత్రం ఆయన దగ్గరే. అదృష్టం కొద్దీ మరో రక్తపింజర కోదాడ చెరువు కట్ట మీదే దొరికింది. లేకపోతే ఆ ఏడు కోదాడకు ఆ మందు వచ్చేది కాదు.

రాని పాము

మళ్లీ సూర్యాపేట వచ్చి సీసాలన్నీ వరుసగా పెట్టి చూసుకున్నాను. కట్లపాము ఉంది, రక్తపింజర ఉంది, విషం లేనివి బోలెడున్నాయి. మూడు ఊళ్లలో ఎక్కడా ఒక్క నాగుపాము లేదు.

ఆ వారంలోనే దవాఖానకు ఒక కూలీని మంచం మీద మోసుకొచ్చారు. కళ్లు తెరవాలని చూస్తున్నాడు, రెప్పలు లేవడం లేదు. మాట ముద్దగా వచ్చింది, ఆ తర్వాత అదీ రాలేదు. ఏ పాము కరిస్తే అలా అవుతుందో నేను చదివాను. యాదగిరికి చదవకుండానే తెలుసు. మా దగ్గర మందు లేదు. మధ్యాహ్నానికి పోయాడు. తెచ్చినవాళ్లు ఏడవకుండా అదే మంచం మీద తిరిగి మోసుకుపోయారు.

నేను నల్లగొండ వెళ్లి చెప్పాను. డాక్టరుగారు శ్రద్ధగానే విన్నారు.

“నువ్వు చెప్పేది నిజమే అయి ఉంటుంది. సబూత్ ఏది? నమూనా లేకుండా నేను సంతకం పెడితే, రేపు ప్రతి తాలూకావాడూ మాకూ ఉందంటాడు. ఉన్న మందు ఎవరికీ చాలకుండా పోతుంది.”

ఆ మాటలో న్యాయం ఉంది. తిరిగొచ్చి యాదగిరిని అడిగాను.

“ఈ ఊళ్లలో నాగుపాములు లేవా?”

“లేకేం సార్, మస్తున్నయి.”

“మరి ఒక్కరూ తేలేదేం?”

వాడు నన్ను వింతగా చూశాడు. “నాగుపామును ఎవలు తెస్తరు సార్? సచ్చిన నాగుపాము కనవడితే పాలు వోసి, బట్ట గప్పి, కట్టెల మీద వెట్టి దానం జేస్తరు. మనిషికి జేసినట్టే. సీసాల ఎట్లేస్తరు?”

“ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేం?”

“మీది పట్నమాయె. పట్నంల గూడ గట్లనే జేస్తరనుకున్న.”

కట్ట కింద చితి

రెండు రోజుల తర్వాత తుంగతుర్తి దారిలోని ఒక ఊళ్లో బండి చక్రం కింద నాగుపాము పడిందని కబురొచ్చింది. యాదగిరి సైకిలు తీసుకుని బయల్దేరాను. అలవాటు కొద్దీ సీసా కూడా పట్టుకున్నాను.

నేను వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. చెరువు కట్ట కింద చిన్న చితి పేర్చారు, మూరెడు ఎత్తు కూడా లేదు. దాని మీద తెల్లబట్టలో చుట్టిన పాము. బండి తోలినవాడు తలస్నానం చేసి తడిబట్టలతో నిలబడ్డాడు. ముప్పై ఏళ్లు ఉంటాయి. వాడి తల్లి లచ్చమ్మ చెంబుతో పాలు పోస్తోంది. బట్ట మీద ఒక రాగి పైస పెట్టింది. చుట్టూ పదిమంది దాకా ఉన్నారు. నన్ను చూడగానే అందరూ నా చేతిలోని సీసానే చూశారు.

ఆ బట్టలో ఉన్నది సూర్యాపేట తాలూకాకు మందు. నాకూ దానికీ మధ్య నాలుగడుగులు. వచ్చేముందు యాదగిరి ఒక మాట అన్నాడు, మిలిటరీ క్యాంపు జవాన్లకు చెబితే ఆ పామును తెచ్చిస్తారని. ఆ మాట నిజం. జవాన్లు వస్తే ఆ ఊళ్లో ఎవరూ ఎదురు చెప్పరు. ఆ తర్వాత ఏ ఊళ్లోనూ ఎవరూ నా బల్ల దగ్గరికి రారు.

సీసాను సైకిలు పక్కన నేల మీద పెట్టి, చెప్పులు విడిచి, వాళ్లతో పాటు నిలబడ్డాను. నిప్పు పెట్టారు. ఎండిన కట్టెలు కదా, తొందరగానే కాలిపోయింది.

జనం వెళ్లాక లచ్చమ్మ నా దగ్గరికి వచ్చింది.

“పాముల సారువు నువ్వేనా? సీసా తెచ్చినవ్, మల్ల అడగకపోతివి?”

“మీరు దహనం చేస్తుంటే ఎట్లా అడుగుతానమ్మా?”

“మొగం గట్ల వాడిపోయింది. పొద్దుగాల ఏమన్న తిన్నవా? రా, నీళ్లు తాగిపో.”

ఆ జిల్లాకు వచ్చాక నన్ను ఒకరు ఇంట్లోకి రమ్మనడం అదే మొదలు.

గింజల కుండ

లచ్చమ్మ ఇల్లు ఒక్క గది. కొడుకు, కోడలు, మనవరాలు, ఆమె. ముందు జొన్న గటక పెట్టింది, తర్వాత నీళ్లిచ్చింది. ఈ పని ఎందుకు చేస్తున్నానో, నాగుపాము నమూనా లేక మందు ఎలా ఆగిపోయిందో ఆమెకు చెప్పాను. వింటూ వింటూ ఆమె గుమ్మం వైపు చూసింది.

“మా ఇంటాయిన గూడ గట్లనే పోయిండు. మూడేండ్లాయె. రెప్పలు వాలిపోయి, నన్ను జూడలేక పోయిండు. గదే చెల్కల ఇప్పుడు వీడు నాగలి గడ్తడు.”

“అయినా ఆ పాముకు పాలు పోశారు.”

“కరిసినదానికి పోసిన్నా? వీని బండి కింద పడి సచ్చినదానికి పోసిన. దాని తప్పేంది?”

నేను తల పక్కకు తిప్పాను. ఎదురుగా గింజల కుండ ఉంది. దాని మెడకు ఒక కుబుసం చుట్టి ఉంది, తల దగ్గర్నుంచి తోక దాకా చిరగకుండా.

పాము కుబుసం విడిచేటప్పుడు తల మీది పొలుసులు కూడా అచ్చుగుద్దినట్టు వస్తాయి. నాగుపాము పై పెదవి పొలుసుల్లో మూడోది ఒకవైపు ముక్కునూ, ఇంకోవైపు కంటినీ తాకి ఉంటుంది. మా వైపు దొరికే మామూలు పాముల్లో అది చూస్తే చాలు, పొరపాటు పడటానికి ఉండదు. ఈ సంగతి నాకు పరీక్షల నాటి నుంచీ కంఠతా వచ్చు. అయినా ఇన్నాళ్లూ చచ్చిన పామునే వెతికాను.

“అమ్మా, అది ఒకసారి చూడొచ్చా?”

“సూడు. గని తీస్కపోవద్దు. అది ఇంట్లుంటే గింజ తరగదంటరు.”

భూతద్దం తీసి, ఇంకా కాస్త వెలుగున్న వాకిట్లోకి వచ్చాను. మూడో పొలుసు ముక్కునూ కంటినీ తాకి ఉంది.

“ఇదొక్కటి చాలమ్మా మందు రావడానికి. తీసుకెళ్లి చూపించి మళ్లీ తెచ్చిస్తాను.”

ఆమె కొడుకు వైపు చూసింది. వాడు నాగలికి తాడు సరిచేసుకుంటున్నాడు.

“సీసాల ముంచవు గద?”

“ముంచను.”

“చింపవు గద?”

“చింపను.”

“మల్ల నువ్వే తేవాలె. ఇంకొకని చేతికి ఇయ్యొద్దు. నువ్వే.”

అక్కడితో ఆగకుండా తానే ఇరుగుపొరుగు ఇళ్లకు నడిచింది. “సంపుడు లేదు, ముంచుడు లేదు, సూసి మల్లిస్తడట” అని చెప్పింది. ఆ మాట ఎలా పాకిందో గాని, తర్వాతి వారం సూర్యాపేటలో నా బల్ల దగ్గర వరస కట్టారు. ఒకరు పసుపు గుడ్డలో, ఒకరు గంపలో, ఒకావిడ కొంగు ముడిలో తెచ్చారు. కోదాడ నుంచీ మిర్యాలగూడ నుంచీ కూడా వచ్చాయి. నన్ను తిట్టిన సేటు తన గల్లాపెట్టెలోది పంపించాడు. ఎవరిది ఏదో చీటీ మీద రాసి, బిస్కెట్ల డబ్బాలో అద్దుడు కాగితాల మధ్య పరిచాను.

సంతకం

నల్లగొండలో డాక్టరుగారు వాటిని కిటికీ దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటే భూతద్దంతో చూశారు. నేను చెప్పింది ఒప్పుకోకుండా, పొలుసుల పుస్తకం తెప్పించుకుని తానే సరిచూసుకున్నారు. చివరికి తల ఊపారు.

“పక్కా. నాగుపామే. మూడు చోట్లా ఉంది. ఇవి ఇక్కడ వదిలి వెళ్లు.”

“తిరిగి ఇస్తానని మాట ఇచ్చానండీ.”

“మాట నీది. నమూనా సర్కారుది.”

“తిరిగి ఇవ్వకపోతే వచ్చే ఏడు మీరు పంపే మనిషికి ఒక్క పామూ రాదు. నాగుపామే కాదు, ఏదీ రాదు.”

ఆయనకు ఎదురు మాట్లాడటం నాకు అదే మొదలు, అదే ఆఖరు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత నన్ను అక్కడే కూర్చోబెట్టి ప్రతి కుబుసం తల బొమ్మా గీయించారు. ప్రతి బొమ్మ కిందా తానే సంతకం పెట్టారు. అంతా అయ్యేసరికి కిటికీలో వెలుగు తగ్గింది.

“మబ్బు పడుతోంది. తడవకుండా తీసుకుపో,” అన్నారు.

మొదటి వానకు ముందే నాగుపాము మందు మూడు దవాఖానలకూ చేరింది. దాన్ని యాదగిరి మందుల బీరువాలో పెట్టి తాళం వేస్తుంటే చూశాను. అది మొదట ఎవరికి ఎక్కిందో, ఎవరు కళ్లు తెరిచారో నాకు తెలియదు. అప్పటికే నాకు నిజామాబాదు వైపు బదిలీ వచ్చింది. ఈ వృత్తి అంటే ఇదే. మందు పనిచేసే రోజున మీరు అక్కడ ఉండరు. దీనికి అలవాటు పడలేని వాళ్లు ఇంకో పని చూసుకోవడం మంచిది.

తిరుగు ప్రయాణం

బదిలీకి ముందు కుబుసాలన్నీ తిప్పి ఇచ్చాను, నా చేత్తోనే. ఒక్కోదాన్నీ ఇచ్చి, చీటీలో పేరు కొట్టేసుకుంటూ పోయాను. అందరూ మంచినీళ్లిచ్చారు. ఉండి పొమ్మన్నవాళ్లు తక్కువ, వానలు మొదలై ఎవరి పని వాళ్లకుంది.

ఆఖరున లచ్చమ్మ ఇంటికి వెళ్లాను. కొడుకు చెలకలో ఉన్నాడు. ఆమె కుబుసాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

“చింపలే. మాట నిలబెట్టుకున్నవ్ బిడ్డా.”

“రేపు వెళ్లిపోతున్నానమ్మా. నిజామాబాదు వైపు వేశారు.”

“ఆడ నీకు ఎవలున్నరు?”

“ఎవరూ లేరు.”

“ఈడ ఎవలుండిరి?”

ఆమె కుబుసాన్ని జాగ్రత్తగా మడిచి, తన పాత చీర కొంగు ముక్కలో చుట్టి, మళ్లీ నా చేతిలో పెట్టింది.

“అమ్మా, ఇది మీ గింజల కుండది.”

“మా ఇంట్ల నలుగురం ఉన్నం. ఒగలకొగలం. నువ్వొక్కనివే పోతున్నవ్. పెట్టుకో.”

రెండు చేతులా అందుకున్నాను.

ఆ రాత్రి సామాను సర్దుకుంటూ సీసాలన్నిటికీ చీటీలు సరిచూశాను. పాము పేరు, ఊరు, తేదీ. కొంగు ముక్కలో ఉన్నదాన్ని మాత్రం బట్టల పెట్టెలో, చొక్కాల మధ్య పెట్టాను. ఆ తర్వాత ఎన్ని ఊళ్లు మారానో. అది ఇప్పటికీ అలాగే ఉంది. దానికి మాత్రం చీటీ అతికించలేదు.